కంటికి కనబడని కష్టం

రాజమహేంద్రవరానికి మెయిన్ రోడ్డు, కోటగుమ్మం కూడలి నడిబొడ్డు వంటివి. ఉదయం పది గంటలు దాటితే అక్కడ కాలు మోపడానికి చోటు దొరకదు. గోదావరి స్నానానికి వెళ్ళే యాత్రికులు, కోనసీమ నుండి పెళ్ళిబట్టలు కొనడానికి వచ్చిన కుటుంబాలు, వైద్యం కోసమో ధ్రువపత్రం కోసమో రంపచోడవరం మన్యం నుండి దిగివచ్చిన గిరిజనులు, కళాశాలలకు వెళ్ళే విద్యార్థులు అందరూ ఆ కొద్దిపాటి మేరలోనే ఒకరినొకరు రాసుకుంటూ నడుస్తారు. ఒక పట్టణం తన ప్రజలను ఎలా చూసుకుంటున్నదో తెలుసుకోవడానికి నివేదికలు తిరగవేయనక్కరలేదు. దాని నడిబొడ్డున ఒక గంట నిలబడితే చాలు.

కొన్నేళ్ళ క్రితం అటువంటి చోట, ఒక కార్యాలయంలో, నేను వరుసలో నిలబడి ఉన్నాను. వేసవికాలం. నా ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. ఇంతలో ఇరవై ఏళ్ళ యువకుడొకడు వరుస చివరి నుండి ముందుకు వచ్చి, కిటికీ దగ్గర ఉన్న ఉద్యోగితో ఏదో మెల్లగా చెప్పబోయాడు. మనిషి చూడడానికి ఏ లోపమూ లేనివాడు. వరుసలో కలకలం రేగింది. ఒకరు కసురుకున్నారు. మరొకరు ఎగతాళి చేశారు. నేనూ ఊరుకోలేదు. “కుర్రవాడివి, కాసేపు నిలబడలేవా? నీకంటె పెద్దవాళ్ళం నిలబడడం లేదా?” అన్నాను. పాఠం చెప్పే గొంతు కదా, నలుగురికీ బాగానే వినబడింది. అతడు తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పని ముగించుకుని నేను బయటికి వచ్చేసరికి అతడు మెట్ల మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ముఖమంతా చెమట. రెండు చేతులతో మోకాళ్ళు గట్టిగా పట్టుకుని పళ్ళు బిగించి ఉన్నాడు. నీళ్ళు ఇచ్చి పక్కన కూర్చున్నాను. అతనికి సికిల్ సెల్ వ్యాధి ఉందని అప్పుడు తెలిసింది. నెత్తురులోని ఎర్రకణాలు గుండ్రంగా ఉండవలసింది పోయి కొడవలి ఆకారంలోకి మారి, సన్నని రక్తనాళాలలో అడ్డుపడతాయి. ఆ సమయంలో ఎముకలు పిండినట్లు నొప్పి పుడుతుంది. దాహం, అలసట, ఎక్కువసేపు నిలబడడం ఆ నొప్పిని రేపవచ్చు. “ముందే ఆ మాట గట్టిగా చెప్పలేకపోయావా?” అని అడిగాను. “చెబితే నమ్మరండి మాస్టారూ. చూపిద్దామంటే కనబడదండి” అన్నాడు.

ఆ రెండు మాటలకు నా దగ్గర సమాధానం లేకపోయింది. అంతకు అరగంట ముందు నమ్మనివారిలో నేనూ ఒకణ్ణి.

కంటికి కనబడని వైకల్యాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. తలసేమియా, హీమోఫీలియా వంటి రక్తసంబంధమైన వ్యాధులు, ఆటిజం, అక్షరాలను గుర్తించడంలో తికమక కలిగించే డిస్లెక్సియా, పాక్షికమైన వినికిడి లోపం, మానసిక అనారోగ్యం, పార్కిన్సన్స్ వ్యాధి తొలిదశ, వయసు మళ్ళినవారిని దారి తప్పించే డిమెన్షియా ఈ కోవలోనివి. మూర్ఛ, గుండెజబ్బు, పేగుల వ్యాధి, అదుపు తప్పిన మధుమేహం కూడా మనిషిని లోలోపలే కుంగదీస్తాయి. చేతికర్ర ఉంటే దారి ఇస్తాం. నల్లకళ్ళద్దాలు ఉంటే చేయి పట్టుకుని రోడ్డు దాటిస్తాం. ఏ గుర్తూ లేనివారి విషయంలో మాత్రం మన కన్ను మనల్ని మోసగిస్తుంది.

మన మాటలను పరిశీలిస్తే ఈ మోసం మరింత స్పష్టమవుతుంది. ‘వికలాంగుడు’ అనే మాటలో ‘అంగం’ ఉంది. అంటే అవయవంలో లోపం కనబడాలని ఆ పదమే చెబుతున్నది. కనబడే లోపాలను మన సామెతలు విడిచిపెట్టలేదు. పస లేని కారణాన్ని ‘కుంటిసాకు’ అంటాం. వినిపించుకోనివానికి చెప్పడాన్ని ‘చెవిటివాని ముందు శంఖం ఊదడం’ అంటాం. ఇవి నొప్పించే మాటలే. అయినా ఆ లోపం ఉన్నదని అవి ఒప్పుకుంటాయి. కనబడని లోపానికి ఆ పాటి గుర్తింపు కూడా లేదు. దానికి మనం గుణదోషాల పేర్లు పెడతాం. త్వరగా అలసిపోయేవానిది బద్ధకం. పలకరిస్తే ముఖం తిప్పుకునేవానిది పొగరు. నెత్తురులో చక్కెర పడిపోయి తూలేవానిది తాగుడు. గందరగోళంలో చెవులు మూసుకుని ఏడ్చే పిల్లవానిది తల్లిదండ్రుల గారాబం. కనబడే కష్టానికి జాలి దొరుకుతుంది, కనబడని కష్టానికి నింద దక్కుతుంది.

ఇందుకు సాహిత్యంలో ఒక పోలిక గుర్తుకు వస్తుంది. 11వ శతాబ్దిలో రాజరాజ నరేంద్రుని ఆస్థానంలో నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్నది ఈ రాజమహేంద్రవరంలోనే. ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానం మీలో చాలామందికి పరిచితమే. శకుంతల కొడుకును వెంటబెట్టుకుని దుష్యంతుని సభకు వస్తుంది. తానెవరో నీవెవరో ఎరుగనంటాడు రాజు. ఆమె దగ్గర సత్యం ఉంది, చూపడానికి సాక్ష్యం లేదు. చివరకు ఆకాశవాణి పలికితే తప్ప సభ నమ్మలేదు. అసలు విశేషం ఏమంటే, దుష్యంతునికి నిజం తెలుసు. లోకం ఏమనుకుంటుందో అన్న భయంతోనే ఎరుగనన్నాడు. సత్యం ఉండీ సాక్ష్యం లేనివారు నేడు మన కార్యాలయాల కిటికీల ముందు, బస్సులలో, దుకాణాలలో శకుంతల వలెనే నిలబడుతున్నారు. వారి పక్షాన ఆకాశవాణి పలకదు. పలకవలసినది మనమే.

చట్టం ఈ విషయంలో సమాజం కంటె ముందే నడిచింది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా రూపొందిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. ఇందులో వైకల్యాల సంఖ్య 21కి పెరిగింది. ఆటిజం, ప్రత్యేక అభ్యసన వైకల్యాలు, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, పార్కిన్సన్స్ వ్యాధి ఈ జాబితాలో కొత్తగా చేరాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. కొత్తగా చేరిన రకాలకు ఆ లెక్కలలో ప్రత్యేకమైన స్థానం లేదు. అందుచేత అసలు సంఖ్య అంతకు మించి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. బహిరంగ స్థలాలను అందరికీ అందుబాటులోకి తెచ్చే ప్రమాణాలు కేవలం సూచనలుగా మిగిలిపోరాదనీ, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు ఉండాలనీ 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అయితే అందుబాటు అనగానే మనకు తోచేది చక్రాల కుర్చీ ఎక్కడానికి కట్టిన వాలుదారి ఒక్కటే. అది అవసరమే, కాదనలేము. కాని వాలుదారి కట్టినంత మాత్రాన ఆ యువకుని కష్టం తీరదు. అతనికి కావలసినది కూర్చోవడానికి ఒక బల్ల, తాగడానికి మంచినీళ్ళు, తన మాటను నమ్మే ఒక మనిషి. వరుసలో నిలబెట్టడానికి బదులు సంఖ్య వేసిన చీటీ ఇచ్చి, పిలిచేవరకు కూర్చోనిస్తే అతడు ఎవరినీ బతిమాలవలసిన అవసరమే ఉండదు. గర్భిణికి, వృద్ధునికి, చంటిబిడ్డ తల్లికి కూడా అదే ఏర్పాటు ఉపకరిస్తుంది. మెయిన్ రోడ్డు వంటి బజారులో నూరు అడుగులకొకచోట నీడన రెండు బల్లలు వేయడం ఏ పురపాలక సంస్థకూ తలకు మించిన భారం కాదు.

రెండవది శబ్దం. మన బజారులో ప్రతి దుకాణం ముందు ఒక సౌండు బాక్సు, ప్రతి వాహనానికి ఆగని హారను. మనకు అలవాటైన ఈ రొద ఆటిజం ఉన్న పిల్లవానికి చెవుల్లో మేకులు దిగగొట్టినట్లు ఉండవచ్చు. వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి ఎదుటివారి మాట ఆ రొదలో కలిసిపోతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం వాణిజ్య ప్రాంతాలలో పగటివేళ శబ్దం 65 డెసిబెల్స్ మించరాదు. నియమం ఉన్నది, అమలు చేయవలసి ఉంది. బ్రిటన్‌లో మారిసన్స్ అనే దుకాణాల సంస్థ 2018లో శనివారం ఉదయం ఒక గంటపాటు సంగీతం ఆపి, దీపాల వెలుతురు తగ్గించి, ప్రకటనలు మాని, ఆటిజం ఉన్నవారికి ప్రశాంతంగా కొనుగోలు చేసుకునే వీలు కల్పించింది. మన వర్తక సంఘాలు తలచుకుంటే వారానికి ఒక్క ఉదయం అటువంటి గంటను పాటించలేవా?

మూడవది దారి చూపే బోర్డులు. 1969లో మెక్సికో నగరంలో మెట్రో రైలు ప్రారంభించినప్పుడు ప్రతి స్టేషనుకు పేరుతో పాటు ఒక బొమ్మను కేటాయించారు. చదువు రానివారు సైతం ఆ బొమ్మను చూసి తాము దిగవలసిన చోటు గుర్తుపట్టగలిగారు. అక్షరాలు తారుమారయ్యే డిస్లెక్సియా ఉన్నవారికీ, జ్ఞాపకశక్తి సన్నగిల్లిన వృద్ధులకూ, అక్షరజ్ఞానం లేని పల్లెవాసులకూ ఇది ఎంత మేలో ఆలోచించండి. మన కోటిపల్లి బస్టాండులో, గోకవరం బస్టాండులో ఒక్కొక్క దిక్కుకు వెళ్ళే బస్సులు ఆగే చోట ఒక్కొక్క రంగు, ఒక్కొక్క బొమ్మ పెడితే ఖర్చు ఎంత? మైకులో చెప్పే ప్రకటనను పలక మీద రాసి పెడితే వినికిడి తక్కువైనవారు పక్కవారిని పదేపదే అడిగి చిన్నబుచ్చుకోవలసిన పని ఉండదు.

నాలుగవది చెప్పుకోవడానికి బిడియపడే అవసరం. పేగుల వ్యాధి ఉన్నవారు, మధుమేహ రోగులు, మూత్రకోశ సమస్యలు ఉన్నవారు పట్టణానికి బయలుదేరే ముందు మొదట ఆలోచించేది మరుగుదొడ్డి గురించే. అది లేదని తెలిసి ఉదయం నుండి మంచినీళ్ళు ముట్టని స్త్రీలు ఎందరో ఉన్నారు. శుభ్రమైన మరుగుదొడ్లు ఉండాలి, అవి ఎక్కడ ఉన్నాయో తెలిపే బోర్డులు ఉండాలి. వికలాంగుల కోసం ఉద్దేశించిన మరుగుదొడ్డిలోకి వెళ్ళేవారిని “నీకేమైంది?” అని కాపలాదారు నిలదీయకుండా ఉండాలి.

అయిదవది ఆపద వేళ సాయపడే తెలివిడి. బజారులో ఒకరికి మూర్ఛ వచ్చిందంటే మనం చేసే మొదటి పని చేతిలో తాళాల గుత్తి పెట్టడం. దానివల్ల ప్రయోజనం లేదు. చుట్టూ మూగిన జనాన్ని దూరం జరపాలి. తల కింద మెత్తని గుడ్డ పెట్టాలి. కొట్టుకుంటున్న కాళ్ళుచేతులను అదిమిపట్టరాదు. నోట్లో చెంచా గాని నీళ్ళు గాని పెట్టరాదు. వీలైనంత త్వరగా ఒక పక్కకు ఒత్తిగిలేలా తిప్పాలి. అయిదు నిమిషాలు దాటినా మూర్ఛ ఆగకపోతే 108కి ఫోను చేయాలి. ఈ కొద్దిపాటి విషయాలు ఆటోడ్రైవరుకు, కండక్టరుకు, కూడలిలోని పోలీసుకు, దుకాణదారుకు తెలిసి ఉంటే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. జపాన్‌లో 2005 నుండి డిమెన్షియా ఉన్నవారికి అండగా నిలిచేందుకు సామాన్య ప్రజలకు సుమారు గంటన్నర శిక్షణ ఇస్తున్నారు. దుకాణాలలో, బ్యాంకులలో పనిచేసేవారు, బడిపిల్లలు కూడా ఆ శిక్షణ పొందారు. మన వీధులలో ఆ మాత్రం తీరిక లేనివారెవరు?

ఇక గుర్తింపు సంగతి. 2016లో లండన్ సమీపంలోని గాట్విక్ విమానాశ్రయంలో ఒక చక్కని పద్ధతి మొదలైంది. కనబడని వైకల్యం ఉన్నవారు ఇష్టపడితే పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న ఆకుపచ్చని పట్టీని మెడలో వేసుకుంటారు. వీరికి కొంత సమయం, కొంత సాయం అవసరం కావచ్చునని సిబ్బంది దానిని చూసి గ్రహిస్తారు. జబ్బు పేరు అడగరు, రుజువు కోరరు. తరువాత ఈ పద్ధతి అనేక దేశాలకు వ్యాపించింది. దీనిలోని భావాన్ని నేను మెచ్చుకుంటాను. అయినా ఒక హెచ్చరిక అవసరం. ఆ పట్టీ వేసుకోవడం ఇష్టానికి సంబంధించినదే గాని, నిబంధన కారాదు. పెళ్ళి కావలసిన అమ్మాయికి మూర్ఛ ఉందని, ఉద్యోగం వెదుక్కుంటున్న యువకునికి మానసిక వ్యాధి ఉండేదని నలుగురికీ తెలిస్తే ఏమవుతుందో మన సమాజంలో వేరుగా చెప్పనక్కరలేదు. దాచుకునే హక్కు కూడా గౌరవంలో భాగమే. కష్టాన్ని చాటుకుంటే తప్ప ఆదరించని పట్టణం ఆదరించే పట్టణం కాజాలదు.

ఇక్కడ కొందరు ఒక ఆక్షేపణ లేవదీస్తారు. “అడిగినవారినల్లా నమ్మితే దొంగలు లాభపడరా? లేని జబ్బు ఉన్నదని చెప్పి ముందుకు పోరా?” అని వారి ప్రశ్న. ఈ ప్రశ్నను తోసిపుచ్చలేము. పింఛను, ఉద్యోగంలో రిజర్వేషను వంటి శాశ్వత ప్రయోజనాలకు వైద్యధ్రువీకరణ ఉండవలసినదే. చట్టం అందుకు తగిన ఏర్పాటు చేసింది. కాని కూర్చోవడానికి ఒక కుర్చీ, వరుసలో ఒక అవకాశం, ఒక్క మెత్తని మాట, వీటికి ధ్రువపత్రం ఎందుకు? మోసగాణ్ణి నమ్మితే మనకు పోయేది అయిదు నిమిషాలు. నిజమైన రోగిని నమ్మకపోతే అతనికి పోయేది మానం, ఒక్కొక్కప్పుడు ప్రాణం. ఈ రెండు నష్టాలనూ తక్కెడలో వేసి తూచండి. పదిమంది మోసగాళ్ళు ముందుకు పోయినా సరే, ఒక్క రోగి మెట్ల మీద ముడుచుకుని కూర్చోవలసిన స్థితి రాకూడదని నా అభిప్రాయం.

మరికొందరు “జనం మారరు, లోకం తీరింతే” అని పెదవి విరుస్తారు. ఈ మాట ఈ పట్టణానికి కొత్త కాదు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఇక్కడ తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు కూడా లోకం ఒప్పుకోదనే అన్నారు. బాలవితంతువుల దుఃఖం ఆనాటి ఇళ్ళలో నాలుగు గోడల మధ్య దాగి ఉండేది. అందరికీ తెలిసీ ఎవరూ చూడని కష్టమది. దానిని ఆయన వీధిలోకి తెచ్చి, ఇదిగో చూడండని నిలబెట్టారు. ఆ పనిలో ఆయనకు అండగా నిలిచినవారిలో విద్యార్థులు కూడా ఉన్నారన్న సంగతి మీరు మరువరాదు.

విద్యార్థులారా! మీరు రోజూ బస్సులో వస్తారు, బజారులో తిరుగుతారు. ప్రత్యేకంగా కేటాయించిన సీటులో మీ ఈడువారెవరైనా కూర్చుని ఉంటే లేవమని గద్దించే ముందు ఒక్క క్షణం ఆగండి. నడిచే దారికి అడ్డంగా మోటారు సైకిలు నిలిపే ముందు ఆలోచించండి. చెప్పినది మళ్ళీ అడిగేవారిపై విసుక్కోకండి. ఎవరైనా ఇబ్బంది పడుతున్నట్లు తోస్తే “నీకేమైంది?” అని కాక “నేనేమైనా చేయగలనా?” అని అడగండి. మొదటి ప్రశ్న రుజువు కోరుతుంది, రెండవ ప్రశ్న ధైర్యం ఇస్తుంది. మీ తరగతిలోనే, మీ బల్ల మీదనే, ఎవరికీ చెప్పుకోని కష్టంతో ఒకరు కూర్చుని ఉండవచ్చు. ఆ ఒకరు మీరే కావచ్చు కూడా.

ఆ రోజు ఆ యువకుణ్ణి ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. దారిలో క్షమించమని అడిగాను. “మీ తప్పేముందండి, కనబడదు కదండి” అన్నాడు. అతడు నన్ను సులభంగానే క్షమించాడు గాని, ఆ మాట నన్ను ఇంకా విడిచిపెట్టలేదు. కనబడకపోవడం కంటికి సహజం కావచ్చు. ఎదుటివాడు నోరు తెరిచి చెప్పబోతుంటే వినకపోవడం మాత్రం మనం చేసే తప్పే. ఆనాటి నుండి ఏ వరుసలో నిలబడినా, ముందుకు వచ్చినవారిని నేను కారణం అడగడం మానుకున్నాను.